స్టేజీ మీద ముఖాలు ఎందుకు తెల్లబోతాయి?

సంగీత కార్యక్రమాలు, నృత్య ప్రదర్శనలు ఫొటో తీసే పాఠకులు పంపిన ప్రశ్నల్లో పదేపదే వచ్చినవాటిని ఏరి ఈసారి జవాబులిస్తున్నాం. కొన్నిటికి రెండు మాటలు సరిపోయాయి. కొన్నిటికి కాస్త లెక్క వేయాల్సి వచ్చింది.

ప్రశ్న: గాయకుడి ముఖం కంటికి చక్కగానే కనిపిస్తోంది. ఫొటోలో మాత్రం సున్నం కొట్టినట్టు వస్తోంది. వెనకాల నల్ల తెర, మీద ఒకటే స్పాట్‌లైటు. కెమెరాను ఆటోలో ఉంచుతున్నానండీ. తప్పు నాదా, కెమెరాదా?

తప్పు మీటరుది, అంటే కెమెరాలో వెలుగును కొలిచే భాగానిది. దాని పనే అది కాబట్టి తిట్టీ లాభం లేదు. ఫ్రేములో ముప్పాతిక భాగం నల్ల తెర ఉంటే, ఇక్కడంతా చీకటిగా ఉందనుకుని అది ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) పెంచేస్తుంది. తెర నలుపు పోయి బూడిద రంగుకు తేలుతుంది, ముఖం తెల్లబోతుంది.

స్టేజీకి అన్నీ మీరే పెట్టుకునే మాన్యువలే నయం. ఐఎస్‌ఓ (వెలుగును కెమెరా ఎంత సున్నితంగా పట్టాలో చెప్పే అంకె) 3200, ఎపర్చర్ (లెన్సు రంధ్రం, అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్ 2.8, షట్టరు వేగం 1/250 సెకను దగ్గర మొదలుపెట్టండి. ఒక ఫొటో తీసి నుదురు, ముక్కు, చెంపల దగ్గర పెద్దది చేసి చూడండి. హైలైట్ హెచ్చరిక ఆన్‌లో ఉంటే వెలుగు మించిన చోటు మినుకుమంటుంది. ముఖం మీద ఆ మినుకు పోయేదాకా ఐఎస్‌ఓను మూడో వంతు స్టాపు చొప్పున దించండి (ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం లేదా రెట్టింపవడం). నగల తళుకు, మైకు అంచు, వాద్యం మీది మెరుపు మినుకుమన్నా పట్టించుకోనక్కర్లేదు. అక్కడ ఉన్నది మెరుపే, పోయే వివరమేమీ లేదు. ముఖం సంగతి అలా కాదు. అక్కడ ఒకసారి తెల్లబడిన చోటును రా ఫైలు (సెన్సరు పట్టినది పట్టినట్టు దాచే ఫైలు) కూడా వెనక్కి తేలేదు. నీడలో మిగిలిపోయిన జుట్టును, దుస్తులను తర్వాత ఒకటి రెండు స్టాపులు లేపుకోవచ్చు.

ఆ తర్వాత లైటు మారినప్పుడల్లా ఒక్క చక్రమే తిప్పండి, ఐఎస్‌ఓదో షట్టరుదో. మూడూ కదిపితే ఎక్కడున్నారో మీకే తెలియకుండా పోతుంది. మాన్యువల్ అలవాటు లేనివారు ఎపర్చర్ ప్రయారిటీలో (ఎపర్చర్ మీరు పెడితే షట్టరు వేగం కెమెరా చూసుకునే పద్ధతి) ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటరు లెక్కను సవరించే సెట్టింగు) మైనస్ 1 నుంచి మైనస్ 1.7 మధ్య పెట్టి చూడవచ్చు. అయితే మనిషి ఫ్రేములో చిన్నగా ఉన్నప్పుడు సరిపోయిన అంకె, దగ్గరగా తీసినప్పుడు సరిపోదు. మాన్యువల్‌లో ఆటో ఐఎస్‌ఓ పెట్టుకుంటే మీటరు పెత్తనం మళ్లీ మొదలైనట్టే. ఒక్క చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటరింగో, మీ కెమెరాలో ఉంటే హైలైట్‌కు ప్రాధాన్యమిచ్చే మీటరింగో తోడు చేస్తేనే అది కుదురుతుంది.

ఇంకో మోసం కూడా ఉంది. చీకటి హాల్లో కెమెరా వెనక ఉన్న స్క్రీను అసలు కంటే కాంతిగా కనిపిస్తుంది. దాన్ని చూసి ఎక్స్‌పోజర్ తగ్గించినవారు ఇంటికి వెళ్లాక కంప్యూటర్లో చీకటి ఫొటోలు చూసుకుంటారు. స్క్రీను వెలుగు బాగా తగ్గించి, హిస్టోగ్రామ్‌ను (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే పటాన్ని) నమ్మండి. స్టేజీ ఫొటోలో హిస్టోగ్రామ్ ఎడమ గోడకు ఆనుకుని కుప్పగా ఉండటమే న్యాయం. దాన్ని మధ్యకు తేవాలని చూడకండి.

ప్రశ్న: నీలం లైటు పడితే గాయని ముఖం రంగు పూసిన రేకులా అయిపోతోంది. కళ్లూ ముక్కూ కలిసిపోతున్నాయి. హిస్టోగ్రామ్ చూస్తే ఎక్స్‌పోజర్ తక్కువే ఉన్నట్టుంది.

మీరు చూస్తున్నది మొత్తం వెలుగు చూపే హిస్టోగ్రామ్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపేదాన్ని తెరవండి. నీలం గీత కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. మిగిలిన రెండూ ఎడమ మూలన పడుంటాయి. మూడూ కలిపి సగటు వేస్తే తక్కువ వెలుగే అనిపిస్తుంది. నిజానికి పనిచేస్తున్న ఆ ఒక్క చానలూ నిండి పొర్లిపోయింది, వివరం అంతా దానితోనే పోయింది.

విరుగుడు ఎక్స్‌పోజర్ తగ్గించడమే. ముందు 1 స్టాపు, చాలకపోతే 1.5. తర్వాత రా ఫైల్లో కలర్ ప్రొఫైల్‌ను న్యూట్రల్‌కు మార్చి, నీలం శాచురేషన్ తగ్గిస్తే ముక్కూ కళ్లూ కొంత తేలతాయి. పూర్తిగా రావు. మామూలు సెన్సరులో ఆకుపచ్చను చూసే చుక్కలు సగం ఉంటే, ఎరుపుకూ నీలానికీ చెరి పావు వంతే ఉంటాయి. అచ్చమైన నీలం వెలుగులో మీ 24 మెగాపిక్సెళ్ల కెమెరా అసలు పని 6 మెగాపిక్సెళ్లతోనే చేస్తోందన్నమాట. పదును తగ్గినట్టూ గింజలు (గరుకు చుక్కలు) పెరిగినట్టూ అనిపించడానికి కారణం అదే.

ఆ రంగు ఎలాగూ లొంగకపోతే బ్లాక్ అండ్ వైట్‌కు మార్చండి. మార్చేటప్పుడు నిండిపోయిన చానల్‌ను తగ్గించి మిగతావాటిని పెంచాలి. ఉత్తినే రంగు తీసేస్తే ఆ రేకు బూడిద రంగు రేకవుతుంది, అంతే. అసలు మేలైన దారి కాచుకుని ఉండటం. లైట్లు నడిపేవారు ఒకే రంగులో ఎక్కువసేపు ఉంచరు. పల్లవికో రంగు, చరణానికో రంగు మారుస్తుంటారు. పక్క నుంచి కాస్త తెలుపు కలిసిన క్షణం వస్తుంది, అప్పుడు తీయండి.

తెలుపు తెల్లగా వచ్చేలా రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్ మాత్రం ఆటోలో వదలకండి. రంగు లైటును చూసి అది ఫ్రేము ఫ్రేముకూ ఒక్కోలా మారుతుంది. పాత హాలోజన్ దీపాలైతే 3200 కెల్విన్, తెల్లటి ఎల్‌ఈడీ లేదా ఫాలో స్పాట్ (మనిషి వెంట తిప్పే స్పాట్‌లైటు) అయితే 5600 దగ్గర స్థిరంగా పెట్టండి. రెండూ కలిసి ఉంటే 4000తో సర్దుకోవచ్చు.

ప్రశ్న: కెమెరాను సైలెంట్ మోడ్‌లో పెట్టి తీస్తే ఫొటో అంతా అడ్డంగా చీకటి చారలు. అదే హాల్లో మామూలు షట్టరుతో తీస్తే రెండు మూడు చారలే. ఎందుకిలా?

స్టేజీ ఎల్‌ఈడీలు చాలావరకు వెలుగును తగ్గించేది దీపాన్ని సెకనుకు కొన్ని వందల లేదా వేల సార్లు ఆపి వెలిగించడం ద్వారా. కన్ను పట్టలేని ఆ ఆటను కెమెరా పట్టేస్తుంది. సైలెంట్ మోడ్‌లో సెన్సరు ఫొటోను పైనుంచి కిందికి ఒక్కో వరుసగా చదువుతుంది. మామూలు కెమెరాలో ఇందుకు 1/30 సెకను పట్టిందనుకుందాం. దీపం సెకనుకు 600 సార్లు కొట్టుకుంటుంటే ఆ వ్యవధిలో 20 సార్లు ఆరి వెలుగుతుంది. అందుకే 20 చారలు. మెకానికల్ షట్టరు తెర ఫ్రేము దాటేందుకు పట్టేది సుమారు 1/250 సెకను. ఆ లోపు దీపం రెండు మూడు సార్లే కొట్టుకుంటుంది కాబట్టి చారలూ రెండు మూడే.

కాబట్టి మొదట మెకానికల్ షట్టరుకు మారండి. చారలు ఇంకా ఉంటే వేగం తగ్గించండి. 1/125లో ప్రతి వరుసా దాదాపు ఐదు కొట్టుకోళ్లను చూస్తుంది, హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. 1/1000లో ఒక్కటైనా పూర్తిగా చూడదు. 50 హెర్ట్‌జ్ కరెంటుతో నేరుగా వెలిగే దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, వాటికి 1/100 లేదా 1/50 సరిపడుతుంది. కెమెరాలోని యాంటీ ఫ్లికర్ అనే సదుపాయం ప్రధానంగా ఈ 100, 120 మిణుకుల కోసమే. ఎల్‌ఈడీల వేగాన్ని అది పట్టుకోలేదు. కొన్ని కొత్త కెమెరాల్లో హై ఫ్రీక్వెన్సీ ఫ్లికర్ అని వేరే సెట్టింగు ఉంది. అందులో షట్టరు వేగాన్ని చాలా సన్నటి మెట్లలో మార్చుకుంటూ చారలు మాయమయ్యే అంకెను వెతుక్కోవచ్చు. వెనకాల ఎల్‌ఈడీ తెర ఉన్న స్టేజీల మీద ఇది బాగా పనికొస్తుంది.

2023లో సోనీ ప్రకటించిన ఏ9 త్రీ లాంటి గ్లోబల్ షట్టరు కెమెరా సెన్సరు మొత్తాన్ని ఒకేసారి చదువుతుంది కాబట్టి చారలు రావు. అయితే ఒక ఫ్రేము వెలుగుగా, పక్క ఫ్రేము చీకటిగా రావచ్చు. వయొలిన్ కమాను వంకర తిరిగి కనిపించడం, డ్రమ్ము పుల్ల రబ్బరులా వంగడం కూడా సెన్సరును ఒక్కో వరుసగా చదవడం వల్ల వచ్చే చిత్రాలే.

ప్రశ్న: మా అమ్మాయి నాట్యం చేస్తుంది. ఫొటోలు తీసేది నేనే. గంతు వేసినప్పుడు నొక్కితే ప్రతిసారీ కాళ్లు నేల మీదే ఉంటాయి! షట్టరు వేగం 1/500 పెట్టాను. ఇంకా పెంచాలామ్మా?

వేగం చాలు. మీరు నొక్కుతున్నదే ఆలస్యం. 40 సెంటీమీటర్లు ఎగిరే గంతులో గాల్లో ఉండేది మొత్తం 0.57 సెకన్లు. పైకి 0.29, కిందికి 0.29. కంటితో చూసి వేలు కదలడానికి మనిషికి 0.2 సెకన్ల దాకా పడుతుంది, కెమెరా స్పందించడానికి మరో 0.05. మీ అమ్మాయి శిఖరాన ఉన్నట్టు చూశాక నొక్కితే ఫొటో పడేసరికి పాదాలు నేలకు చేరువవుతాయి. పాదం నేలను వదులుతుండగానే నొక్కండి. 0.25 సెకన్ల తర్వాత పడే ఫొటో సరిగ్గా శిఖరం దగ్గరికే వస్తుంది. అంటే ఆ ఆలస్యమే మీకు సాయపడుతుంది. మోకాళ్లు వంగడం గంతుకు ముందస్తు కబురు, అప్పుడే వేలు సగం నొక్కి సిద్ధంగా ఉంచుకోండి.

ప్రకృతి ఇచ్చిన ఒక వెసులుబాటు కూడా ఉంది. ఎత్తులో పై పావు భాగం, అంటే ఈ గంతులో చివరి 10 సెంటీమీటర్లు, గాల్లో ఉన్న సమయంలో సగం తీసుకుంటుంది. సెకనుకు 10 ఫ్రేములు తీసే కెమెరాకు అక్కడ మూడు ఫ్రేములు దొరుకుతాయి. కానీ చేతులూ కాళ్లూ పూర్తిగా విచ్చుకునేది వాటిలో ఏ ఒక్కదాంట్లోనో, లేదా రెండు ఫ్రేముల నడుమనో. అందుకే బర్‌స్ట్ (వరుసగా ఫొటోలు తీయడం) మీద భారం వేసి వేలు అదిమి ఉంచితే బఫర్ (ఫొటోలు కార్డుకు చేరేలోపు ఆగే జాగా) నిండి, అసలు ఘట్టానికి కెమెరా మొరాయిస్తుంది. మూడు నుంచి ఐదు ఫ్రేములు, ఆపడం, మళ్లీ మూడు.

ఇక వేగం లెక్క. నిలువు ఫ్రేములో 2.7 మీటర్ల ఎత్తు పట్టించి 6000 పిక్సెళ్ల మీద తీశారనుకోండి. సెకనుకు 5 మీటర్ల వేగంతో విసిరిన చెయ్యి 1/500లో 1 సెంటీమీటరు కదులుతుంది. అది 22 పిక్సెళ్ల చెరుపు. 1/1000లో 11. అదే సమయంలో సెకనుకు అర మీటరు కదిలే ముఖం 1/500లో 2 పిక్సెళ్లే చెదురుతుంది. వేళ్ల చివర కొంచెం మసక ఉన్నా నాట్యం నాట్యంలాగే ఉంటుంది, ముఖం మసకైతే మాత్రం ఫొటో పోయినట్టే. కాబట్టి గంతులకు 1/500 నుంచి 1/800, మామూలు అడుగులకు 1/320, అభినయం సాగే నిదానపు ఘట్టాలకు 1/160. అన్నిటికీ 1/1000 పెట్టి ఐఎస్‌ఓను 12800కు తోలడం వృథా. లెన్సులోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది, ఆమె కదలికను కాదు.

గిరగిరా తిరిగేటప్పుడు చాలామంది నర్తకులు తలను ఒక దిక్కున నిలిపి, ఒళ్లు తిరిగాక చివర్లో చటుక్కున తిప్పి మళ్లీ అదే దిక్కుకు తెస్తారు. ఆ నిలిచిన క్షణంలో ముఖం స్పష్టంగా, దుస్తుల అంచు విసురుగా వస్తుంది. ఒకటి రెండు చుట్లు ఊరికే చూసి ఆ లయ పట్టండి. ఏ భంగిమైనా తాళం మీద వచ్చి నిలుస్తుంది కాబట్టి, సంగీతం ముందే విని ఉన్నవారికి సగం పని అయిపోయినట్టే. వీలైతే పూర్తి వేషంతో జరిగే రిహార్సల్ ఒకటి చూడండి. అక్కడ నచ్చిన చోటికి తిరుగుతూ తీసుకోవచ్చు కూడా.

కావాలనే మసక కోరుకుంటే 1/15 నుంచి 1/8. అది కూడా ఒకరు కదలకుండా నిలబడి చుట్టూ ఉన్నవారు తిరుగుతున్నప్పుడు. అందరూ కదులుతుంటే మిగిలేది రంగుల కలగాపులగమే.

ప్రశ్న: పుస్తకాల్లో చూసే గొప్ప నాట్య ఫొటోల్లాంటివి ప్రదర్శనలో ఎందుకు దొరకవు?

వాటిలో చాలావరకు ప్రదర్శనలో తీసినవి కావు కాబట్టి. నర్తకి మార్తా గ్రాహంను 1940లో బార్బరా మోర్గన్ తీసిన ప్రఖ్యాత చిత్రం కూడా కెమెరా కోసం ప్రత్యేకంగా చేయించి, ఫొటోగ్రాఫర్ తన లైట్లతో తీసినదే. హాల్లో లైటు మీది కాదు, చోటు మీది కాదు, రెండో అవకాశం అసలే లేదు. ఆ పోలిక పక్కన పెట్టండి.

ప్రశ్న: ఏ వరుసలో కూర్చుంటే ఏ లెన్సు కావాలి?

పెద్ద సెన్సరుండే ఫుల్ ఫ్రేము కెమెరాను నిలువుగా పట్టుకుంటే, చేతులెత్తిన నర్తకి పూర్తిగా పట్టడానికి దూరాన్ని మీటర్లలో తీసుకుని 13తో గుణించండి. వచ్చేది కావలసిన ఫోకల్ లెంగ్త్ (లెన్సు మీద ఎంఎంలో రాసి ఉండే అంకె). 6 మీటర్లకు 80 ఎంఎం, 10కి 130, 15కి 195. చిన్న ఏపీఎస్‌సీ సెన్సరైతే 13 బదులు 9. కూర్చుని పాడేవారిని నడుము దాకా తీయాలంటే వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. అందుకే 70-200 ఎఫ్ 2.8 జూమ్ ఈ పనికి స్థిరపడిపోయింది. అంత బరువు, ఖర్చు వద్దనుకుంటే ముందు వరుసల నుంచి 85 ఎంఎం ఎఫ్ 1.8 చాలు. ఎఫ్ 2.8 నుంచి 1.8కి వస్తే ఐఎస్‌ఓ 6400 కావలసిన చోట 2500 సరిపోతుంది. అయితే 3 మీటర్ల దూరంలో పదునుగా ఉండే లోతు 13 సెంటీమీటర్లే. కన్ను పట్టుకుంటే చెవి పోతుంది. 5 మీటర్లలో 37 సెంటీమీటర్లు దొరుకుతుంది, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

నాట్యానికి మొదటి వరుస మంచిది కాదు. స్టేజీ అంచు, మానిటర్ స్పీకర్లు పాదాలను మింగేస్తాయి, కింది నుంచి చూసినట్టు గడ్డాలు పెద్దవవుతాయి. హాలు మధ్య నడవాలో, కెమెరా నర్తకి నడుము ఎత్తుకు వచ్చే చోటు వెతకండి. గంతు ఎత్తుగా కనిపించాలనుకుంటే మాత్రం కిందకు దిగండి.

ప్రశ్న: మైకు ఎప్పుడూ నోటికి అడ్డం. ఫోకస్ కూడా దాని మీదే పడుతోంది.

ఎదురుగా నిలబడకండి. 30 నుంచి 45 డిగ్రీలు పక్కకు, మైకు పట్టుకున్న చేతికి అవతలి వైపుకు జరగండి. స్టాండు ఉంటే దాని అడ్డ కమ్మీ లేని వైపు. చరణం ముగిసేటప్పుడు చాలామంది మైకును దూరం జరుపుతారు, స్వరం పొడిగించేటప్పుడు తల వెనక్కి వాలుస్తారు. మీ ఫొటో అక్కడుంది. మైకు నీడ గడ్డం మీద పడుతుంటే దాన్ని మీరేమీ చేయలేరు, తల తిరిగేదాకా ఆగాల్సిందే.

ఫోకస్‌కు కన్ను గుర్తించే విధానం బాగానే పనిచేస్తుంది, ముఖం మీద జుట్టు పడేదాకా లేదా పొగ వదిలేదాకా. పొగలో కాంట్రాస్ట్ తగ్గి లెన్సు ముందుకూ వెనక్కూ వేటాడుతుంది. అప్పుడు ఒక్క చిన్న పాయింటుకు మార్చి, కంటికి దగ్గరలోని గట్టి అంచు మీద, అంటే నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత దగ్గర పట్టండి.

వాద్యాల విషయం: వయొలిన్ వాయించేవారి కుడి వైపు నుంచి తీస్తే కమాను, తీగలు, ముఖం ఒకే చూపులో వస్తాయి. డ్రమ్స్ ఎదురుగా కనిపించేవి కంచు తాళాలే (సింబల్స్), మనిషి కాదు. పక్క నుంచో వెనక నుంచో, కొంచెం ఎత్తులోంచి ప్రయత్నించండి. పుల్లలు మసకగా, ముఖం పదునుగా రావాలంటే 1/60 నుంచి 1/100 చాలు.

ప్రశ్న: ఫోన్‌తో తీయలేమా?

తీయవచ్చు, దగ్గరుంటే. నైట్ మోడ్ ఆపేయండి. అది అనేక ఫ్రేములను కలుపుతుంది, కదిలే మనిషి దెయ్యంలా వస్తాడు. ముఖం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్‌ను, ఎక్స్‌పోజర్‌ను బిగించి, ముఖంలో వివరం కనిపించేదాకా వెలుగు దించండి. రెండు మూడు రెట్లకు మించి జూమ్ చేయకండి. నిలిచిన భంగిమలకే ఎదురుచూడండి.

ప్రశ్న: ఫ్లాష్ వాడితే ఈ బాధలన్నీ తీరతాయి కదా?

తీరవు. ముందు వరుసల తలలు తెల్లగా వెలుగుతాయి, స్టేజీ మీది రంగులన్నీ చప్పబడతాయి. చీకటికి అలవాటుపడిన నర్తకి కళ్లు ఒక్క క్షణం ఏమీ చూడలేవు. గంతు మధ్యలో అది ప్రమాదం. ఫోకస్‌కు సాయపడే చిన్న దీపాన్ని, బీప్‌ను, తీయగానే ఫొటో చూపే సదుపాయాన్ని కూడా ఆపేయండి. సంగీత కార్యక్రమాల్లో మొదటి మూడు పాటలే తీయాలి, ఫ్లాష్ వద్దు అనే నియమం చాలాచోట్ల ఉంటుంది. వెళ్లే ముందే నిర్వాహకులను అడగండి.

లేజర్ కిరణాలు ఉన్న ప్రదర్శనలో మాత్రం ఇంకో జాగ్రత్త. కిరణం నేరుగా లెన్సులో పడితే సెన్సరు మీద శాశ్వతంగా గీతలు, చుక్కలు పడవచ్చు. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో సెన్సరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ఫొటో తీయకపోయినా ముప్పే. లేజర్ మొదలవగానే లెన్సును కిందికి దించండి లేదా మూత పెట్టండి.

ప్రశ్న: ఒక్క ప్రదర్శనకు 1500 ఫొటోలు వస్తున్నాయి. నాకు నచ్చినవి ఇస్తే నర్తకికి నచ్చడం లేదు!

మీరు ముఖం, లైటు చూసి ఎంచుతున్నారు. ఆమె మొదట పాదం చూస్తుంది, తర్వాత మోకాలు, భుజం, వేళ్ల చివరలు. ఎంత అందమైన లైటు పడినా అడుగు సగంలో ఉన్న ఫొటోను ఆమె ఒప్పుకోదు. మొదటి విడతలో ఫోకస్ తప్పినవి, కళ్లు మూసినవి తీసేయండి. కావాలని మూసిన కళ్లు వేరు సుమా. రెండో విడతలో ఒక్కో ఘట్టానికి రెండేసి మిగల్చండి. మూడో విడతలో ఆ నాట్యం తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. 1500లో 60 మిగిలితే బాగా తీసినట్టే. కత్తిరించేటప్పుడు మణికట్టు, మోకాలు, చీలమండ దగ్గర అంచు పడకుండా చూడండి. తొడ మధ్యలో, మోచేతికి పైన అయితే ఫర్వాలేదు. గింజలు తీయడానికి నాయిస్ రిడక్షన్ మితంగా వాడండి. ఎక్కువైతే మేకప్ వేసిన ముఖం మైనపు బొమ్మలా అవుతుంది. ఐఎస్‌ఓ 6400 దగ్గర కనిపించే గింజలు కంప్యూటర్లో నూటికి నూరు శాతం పెద్దది చేసి చూసే మీకే ఇబ్బంది, అచ్చులో అవి దాదాపు తెలియవు.